నిప్పుకు దాచిన కట్టెలు

తిమ్మాజిపేట
2004 మే నెల

మా ఆడబిడ్డ యాదమ్మకు నీ వదిన జానకమ్మ రాయునది.

మేము క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. కాదని రాస్తే నువ్వు భయపడతావు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? కృష్ణ ఒడ్డుకు బట్టలుతకడానికి పోకు. నీళ్లు తగ్గితే మొసళ్లు ఒడ్డుకు వస్తాయట, ఎవరో చెప్పారు. మీ ఆయనను, వెంకట్రాములు అన్నను కూడా పోనియ్యకు.

ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోను ఉన్నది కిరాణా దుకాణంలో. అక్కడ నేను గొంతు విప్పితే ఉప్పు కొనేవాళ్లు, పప్పు కొనేవాళ్లు అందరూ వింటారు. ఇది అందరూ వినే మాట కాదు. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, తప్పులుంటే సర్దుకొని చదువుకో.

మా బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే తాగడానికి, లేకపోతే అదీ లేదు. ఇంత కరువులో నా కోడలు ఉమకు కూరగాయలు పండించాలని బుద్ధి పుట్టింది. పెరట్లో గొయ్యి తవ్వి, దాని నిండా కట్టెలు వేసి, పైన మన్ను పోసి, నడుమెత్తు మడి కట్టి, దాని మీద విత్తనాలు పెడుతుందట. "అత్తా, మా అమ్రాబాద్ అడవిల మాను పడి పుచ్చితే, దాని మీద ఎండకాలం గూడ పచ్చగుంటది. పుచ్చిన కట్టె నీళ్లు తాగి కడుపుల దాసుకుంటది. నేను చిన్నప్పుడు సూసిన" అంటుంది.

కట్టెలు ఎక్కడివి అన్నాను. కొట్టం వైపు చూపించింది.

ఆ కట్టెలు ఎందుకో నీకు ఒక్కదానికే తెలుసు యాదమ్మా. నన్ను విడిచి మీ అన్న శ్రావణమాసం ముసురులో పోయినప్పుడు ఊళ్లో ఎండు కట్టె దొరకలేదు. కాష్టం అంటుకోలేదు. గ్యాసునూనె పోశారు, పాత తలుపు చెక్కలు తెచ్చారు, అయినా పొగ తప్ప మంట రాలేదు. పొద్దున పెట్టిన నిప్పు మరునాడు దాకా మూలుగుతూనే ఉంది. ఎవరో "బక్కయ్యకు పోబుద్ధి కాట్లే" అని నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. అప్పటి నుంచి చేలో పడిన చింతకొమ్మ, ఎండిన మామిడి, తుమ్మ దొరికింది దొరికినట్టు కొట్టంలో పేర్చి పెట్టుకున్నాను, నేను పోయేనాడు నా కొడుకు ఇల్లిల్లూ తిరిగి అడుక్కోకుండా.

కోడలికి ఏం చెప్పాలి? వానాకాలం పొయ్యి కోసమని చెప్పాను. "పొయ్యికైతే గింత పెద్ద మొద్దులెందుకత్తా" అంది. తొందరగా జవాబు రాయి. రాసేముందు మోకాళ్లకు ఆముదం రాసుకో.

జానకమ్మ


బీచుపల్లి
2004 మే

వదినెకు యాదమ్మ దండాలు.

ఉత్తరం చూసి నువ్వు ఇంకా పోలేదని తెలిసి సంతోషించాం. మీ వెంకట్రాములు అన్నకు చదివి వినిపిస్తే, "మీ ఆడబిడ్డను చూస్తే మొసలే నీళ్లల్లకు దుంకుతదని రాయి" అన్నాడు. రాస్తున్నాను.

వదినె, ఒకటి అడుగుతా కోపం తెచ్చుకోకు. ఆ కట్టెల దగ్గరికి పోయి ఒక్కసారి చేత్తో పట్టి చూశావా? మొన్న ఉగాదికి వచ్చినప్పుడు నేను చూశాను. పట్టుకుంటే బెండులాగా తేలిగ్గా ఉంది. గీకితే పిండి రాలింది. పురుగు సగం తిన్నది, చెదలు సగం తిన్నది. దాని మీద నిన్ను పడుకోబెడితే నిప్పు పెట్టకముందే కూలి కింద పడతావు. అప్పుడు నవ్వే వాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు.

పొయ్యి ముందర కూచొని బతుకంతా పొగ మింగినావు. చచ్చినంక గూడ కట్టెల రందేనా నీకు? నా మేనల్లుడు కురుమూర్తికి ఉన్నమాట చెప్పు. కొడుకే కదా, పులి కాదు. చెప్పలేకపోతే నోరు మూసుకొని కట్టెలు ఇచ్చెయ్యి. ఉమ మంచి పిల్ల. నాకైతే ఆ పిల్ల చెప్పింది నిజమే అనిపిస్తుంది. ఇక్కడ ఏటి ఒడ్డున మానులు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుంటాయి. ఏరు ఎండినా వాటి పక్కన గడ్డి ఎండదు.

ఆముదం రాసుకున్నాను. వాసనకు మీ అన్న మంచం బయట వేసుకున్నాడు.

యాదమ్మ


తిమ్మాజిపేట
2004 జూన్, మిరుగు కార్తె దాటినంక

యాదమ్మకు,

కట్టెలు ఇచ్చేశాను. చెప్పి ఇచ్చానా అంటే చెప్పలేదు. "తీసుకపోండ్రి" అన్నాను, అంతే. ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకొని, సందులో నుంచి చూశాను.

కురుమూర్తి మోకాలి లోతు గొయ్యి తవ్వాడు, నిలువెత్తు పొడవున. ఉమ, మనుమరాలు వర్ష కొట్టంలో నుంచి కట్టెలు మోశారు. వర్ష ఒక్కో కొమ్మను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని తెస్తుంది, తేలు ఉంటుందని నేను అరిస్తే నవ్వుతుంది. పక్కింటి సాయన్న బండితో చెరువు మన్ను తెస్తానన్నాడు. అందరూ తలా ఒక చేయి వేశారు. నేను ఒక్కదాన్నే తలుపు వెనక.

అప్పుడు జరిగింది చెబుతాను, భయపడకు. కురుమూర్తి గోతిలో దిగి కట్టెలు పేర్చాడు. అటు ఒక పెద్ద మొద్దు, ఇటు ఒక పెద్ద మొద్దు, నడుమ అడ్డంగా సన్నవి, వాటి మీద నిలువుగా పొడుగువి. దక్షిణం దిక్కు జర ఎత్తు. సాయన్న బండి మన్ను తెచ్చి పెరటి గోడ దగ్గర ఆపాడు. గోతిలోకి చూశాడు. తల రుమాలు తీసి చేతిలో పట్టుకొని మెల్లగా అడిగాడు:

"ఎవరు పోయిండ్రు, కురుమూర్తీ?"

అప్పుడు అందరం చూశాం. అది కాష్టమే యాదమ్మా. అణా పైసా తేడా లేదు. నా కట్టెలు నా కొడుకు చేతుల మీదుగా, ఎట్లా ఉండాలో అట్లనే ఉన్నాయి. ఒక్క నేను తక్కువ.

కురుమూర్తి తన చేతులను తాను చూసుకున్నాడు. "కట్టెలు పేర్చుడంటే ఈ చేతులకు గదొక్కటే తెలుసు సాయన్నా. నాయనకు పేర్చినప్పుడు నేర్చుకున్న. ఇంకోతీరు ఎవరు నేర్పలె" అన్నాడు. ఉమ గోతిలో దిగింది. "మానుకు దిక్కులుంటయా? అడవిల ఎట్ల పడితె గట్లనే పడ్తది. తియ్యి" అని అన్నీ బయట పడేసింది. మళ్లీ అడ్డదిడ్డంగా, కాకి గూడులాగా వేసింది. సందుల్లో ఎండుటాకులు, పెంట, పాత గడ్డి కుక్కింది. అప్పుడు తలుపు తీసుకొని నేను కూడా పోయాను. రెండు దోసిళ్ల చెరువు మన్ను పోశాను. ఎవరికి పోస్తున్నానో అర్థం కాలేదు.

మడి నడుమెత్తు లేచింది. అంతా నున్నగా చేశాక దూరం నుంచి చూస్తే ఏం లాగా ఉందో నేను రాయను. నువ్వే అనుకో.

ఇంకొకటి. ఒక్క చింతమొద్దు మాత్రం, గట్టిది, పురుగు పట్టనిది, నా మంచం కిందికి దొర్లించి గోనెసంచి కప్పాను. ఒక్క మొద్దుతో ఏమవుతుంది అంటావు. ఏమో, దిల్ ఒప్పలేదు. ఎవరికీ చెప్పకు.

చెదలు వాసాలకు ఎక్కుతాయేమో. పాములు చేరతాయేమో. నిన్న ఒక మంచి వాన పడింది, మడి నీళ్లన్నీ గటగట తాగేసింది, ఒక్క చుక్క బయటికి రాలేదు. అంత దాహం ఏంది దానికి?

జానకమ్మ


బీచుపల్లి
2004 ఆగస్టు

వదినెకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు.

ఇక్కడ ఆ ఒక్క వాన తప్ప మళ్లీ లేదు. జొన్న మోకాలెత్తున మాడింది. మీ దిక్కు కూడా అంతేనని బస్సు కండక్టరు చెప్పాడు. అందుకే రాస్తున్నాను, ఈ ఏడు నాకు పండుగ చీర అవీ తేవద్దు. కురుమూర్తిని పరేషాన్ చేయకు. నాకు అన్నీ ఉన్నాయి.

మొన్న గద్వాలకు పోయి వచ్చాను. మగ్గాల వీధిలో చిన్న పని ఉండె. అయిపోయింది. ఏం పని అని అడగకు.

నీ మడి ఎండిపోయిందా? ఎండితే బాధపడకు. ఉమను తిట్టకు.

యాదమ్మ


తిమ్మాజిపేట
2004 నవంబరు, కార్తీకం

యాదమ్మకు,

ఇది ఎట్లా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఊరుకున్నాను. రాస్తే ముసల్దానికి మతి తప్పిందంటావు. కానీ చూసిన కళ్లు నావే.

మడి ఎండలేదు. సాయన్న చేను ఎండింది, మా కంది ఎండింది, వేపచెట్టు ఆకు కూడా వాలింది. ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లు తప్ప ఆ మడికి మేము ఏమీ పోయలేదు. అవీ రోజూ లేవు. అయినా సొరతీగ కొట్టం మీదికి ఎక్కింది. బెండ, గోరుచిక్కుడు, టమాట. ఆకులు చేయంత ఉన్నాయి. ఊళ్లో ఆడవాళ్లు గోడ మీద నుంచి చూసి, "రాత్రిపూట దొంగతనంగ ట్యాంకరు పెట్టిస్తుండ్రు" అన్నారు. వచ్చి చూసుకోండమ్మా అన్నాను. వచ్చారు. మడిలో వేలు పెట్టి, వేలికి అంటిన తడిని చూసుకొని, వేలు కొంగుకు తుడుచుకొని వెళ్లిపోయారు. మళ్లీ ట్యాంకరు మాట ఎత్తలేదు.

చెదలు వచ్చాయి. నేను చెప్పినట్టే వచ్చాయి. కానీ లోపలి కట్టెనే తింటున్నాయి, ఇంటి దిక్కు చూడలేదు. ఒకనాడు మడి పక్కన తెల్లగా పుట్టగొడుగులు లేచాయి, చిన్న చిన్న గొడుగులు పట్టుకొని ఎవరో ఊరేగింపు పోతున్నట్టు. వాటిని తినవద్దని అందరికీ చెప్పాను, ఒక్కొక్కరికి విడిగా కూడా చెప్పాను.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. చలి మొదలయ్యాక రోజూ పొద్దున మా కుక్క పోయి మడి మీద పడుకుంటుంది. తీగలు పాడు చేస్తుందని కట్టె పట్టుకొని పోయాను. అప్పుడే తెల్లవారుతుంది. మడి మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తుంది యాదమ్మా. పొగ అనుకున్నాను. వంగి చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. పడుకున్న బర్రె పక్కటెముకల మీద చేయి వేస్తే ఎంత వెచ్చగా ఉంటుందో అంత. నిప్పు లేదు, మంట లేదు. కానీ లోపల కట్టెలు కాలుతున్నాయి.

ఉమను పిలిచాను. "కట్టె మురిగితే కాక వుడ్తదత్తా, పెంటకుప్పల చేయి పెడితె వెచ్చగుండదా" అంది. నలభై ఏండ్లు పెంటకుప్ప ఎత్తినదాన్ని, నాకు తెలియదా? తెలిసినదే. కానీ ఆ పొద్దున నాకు వేరే తోచింది. మీ అన్న కట్టెలు తడిసి కాలలేదని ఇన్నేండ్లు ఏడ్చాను. ఈ కట్టెలు తడిసినందుకే కాలుతున్నాయి. ఒక్కపూటలో భగ్గున నన్ను తిని పోవలసిన వేడి, రోజుకింత రోజుకింత బెండకాయకు, సొరతీగకు, ఆఖరికి కుక్కకు పంచుతుంది. నేను బతికి ఉండగానే నా కాష్టం కాలుతుంది, నేను దాని పక్కన నిలబడి చలి కాచుకుంటున్నాను. భయం వేయాలి కదా? నాకు అన్నిటికీ భయమే. దానికి మాత్రం వేయలేదు. రెండు చేతులూ పెట్టి కూచున్నాను.

కురుమూర్తి వచ్చి పక్కన కూచొని తన చేయి కూడా పెట్టాడు. అన్నాడు:

"నీ కట్టెలని నాకు మొదటి నుంచి ఎరికేనమ్మా."

నేను వాడి దిక్కు తిరిగి చూశాను.

"నువ్వు ఒక్కోటి తెచ్చి పెడ్తుంటె సూసిన. పొద్దుగాల ఎడ్లకు గడ్డి ఎయ్యనీకె కొట్టంలకు పోతె, ముందుగాల నీ కాష్టం గనవడేది. దాని పక్క నుంచి పోయి గడ్డి తెచ్చేటోన్ని. రోజు గంతే. తియ్యమని ఎట్ల చెప్పాలె నీకు? ఉమ మడి అన్నప్పుడు పానం లేసొచ్చింది."

"నీకు కష్టం కావొద్దని పెట్టిన బిడ్డా" అన్నాను.

"గదే కష్టం" అన్నాడు.

ఇద్దరం మడి మీది నుంచి చేతులు తీయలేదు. మంచం కింది మొద్దు సంగతి నేను అప్పుడు కూడా చెప్పలేదు. నీకైతే చెబుతున్నాను.

సొరకాయలు కురుమూర్తితో పంపుతున్నాను. పండుగ చీర వద్దన్నావు, సరే. ఇది పుట్టింటి సారె అనుకో. బస్సులో పగిలిపోతే నన్ను అనకు. వాడు దారిలో ఏమైనా తిన్నాడో లేదో అడుగు.

జానకమ్మ


బీచుపల్లి
2004 డిసెంబరు

వదినెకు,

అల్లుడు భుజం మీద సొరకాయ పెట్టుకొని బస్సు దిగి వస్తుంటే పసిపిల్లను ఎత్తుకొస్తున్నాడేమో అనుకొని ఎదురుపోయాను. ఇంత బరువున్న కాయ ఈ ఏడు మా సంతలో కూడా లేదు. కోస్తే నీళ్లు కారాయి. మీ అన్న ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "గీ నీళ్లు ఏడికెల్లి వచ్చినయే" అన్నాడు. నీ కట్టెల సంగతి చెప్పాను. తినడం ఆపాడు. తర్వాత ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

వదినె, నీ ఉత్తరం చదివినంక నా నోరు కూడా ఆగడం లేదు. నీ కట్టెలకు అంత నవ్విన దాన్ని, నా పెట్టెలో ఏముందో చెబుతాను.

ఆడపిల్ల పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలి కదా. మా అన్న లేడు. ఉన్నది మీరు. బోరు ఎండింది, చేను ఎండింది. అట్లాంటి నడుమ నేను పోతే కురుమూర్తి చీర కోసం ఎవరి ముందర నిలబడతాడో అని నాకు ఒకటే రంది పట్టింది. అందుకే గద్వాలకు పోయి నేసే వాళ్ల దగ్గరే చీర తెచ్చుకున్నాను. నూలు చీర, పట్టు అంచు, గోరింటాకు రంగు. ఆ సమయానికి కురుమూర్తి చేతిలో పెట్టి, పుట్టింటిదని చెప్పమని మీ అన్నకు నేర్పిపెట్టాను. పెట్టె అడుగున ఉంది. మడత కూడా విప్పలేదు.

ఇప్పుడు నువ్వు నవ్వు. నీ వంతు.

యాదమ్మ


తిమ్మాజిపేట
2005 ఏప్రిల్

యాదమ్మకు,

నాలుగు నెలలు జవాబు రాయలేదని అలిగి ఉంటావు. కోపంతోనే రాయలేదు. నీ ఉత్తరం చదివి కడుపు కాలిపోయింది. మేమింకా ఉండగానే పుట్టింటి చీర నువ్వే కొనుక్కుంటావా? మీ అన్న ఉంటే ఏమనేవాడు? తర్వాత మెల్లగా అనుకున్నాను. నేను కొడుకు కోసం కట్టెలు దాచాను, నువ్వు మేనల్లుడి కోసం చీర దాచావు. ఇద్దరం ఒక్క ఇంటి ఆడవాళ్లమే.

ఇంకో మాట. ఎండాకాలం వచ్చింది కదా, మడి ఇంకా పచ్చగానే ఉంది. వర్షకు అనుమానం వచ్చి ఒక పక్క గడ్డపారతో తవ్వింది. నేను పాము, తేలు అని అరుస్తూనే ఉన్నాను. ఒక ముక్క బయటికి తీసి నా దోసిట్లో పెట్టింది. నా మామిడి కట్టె. గుర్తుపట్టాను, గొడ్డలి గాటు ఉంది. కానీ అది కట్టె కాదు యాదమ్మా, నల్లగా, మెత్తగా, తడిసిన గుడ్డలాగా ఉంది. దాని నిండా తెల్లటి దారాలు, మగ్గం మీది పోగుల్లాగా. "పిండు నాయినమ్మా" అంది. పిండాను.

నీళ్లు కారాయి. బయట నేల నోరు తెరుచుకొని ఉంది, ట్యాంకరు రాక వారమైంది, నా చేతిలో నిరుడు జూన్‌లో పడిన వాన. చల్లగా ఉంది. నా ముంజేతి మీదుగా మోచేయి దాకా పోయింది. నిప్పు కోసం దాచినదాంట్లో నుంచి నీళ్లు వస్తాయని నాకు ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

అప్పటికప్పుడు ఇంట్లోకి పోయి మంచం కింది చింతమొద్దు బయటికి దొర్లించాను. ఉమ చూసి, "ఇదెక్కడిదత్తా" అంది. కురుమూర్తి ఏమీ అడగలేదు. రెండో మడికి గొయ్యి తవ్వాడు, సాయన్న మళ్లీ బండి కట్టాడు, ఆయన పెరట్లో కూడా ఒకటి వేయాలట. మొద్దును నేనే గోతిలోకి తోశాను. ఎట్లా పడితే అట్లా పడనిచ్చాను. మంచం కింద ఇప్పుడు ఏమీ లేదు. పడుకుంటే వెలితిగా ఉంది, కానీ నిద్ర వస్తుంది.

నేను పోయేనాడు వాన ఉంటే ఉంటుంది. ఊళ్లో అందరూ తలా ఒక కట్టె వేస్తారు. అంటుకోకపోతే ఎవరైనా నవ్వితే నవ్వనీ. నేనైతే కాలవలసింది సగం ఇక్కడే కాలిపోయాను.

రెండో మడి మొదటి కాత కోసేలోపు రావాలి నువ్వు. ఆ చీర కట్టుకొని రావాలి. నీ సమయం వచ్చినప్పుడు పుట్టింటి చీర పుట్టింటి వాళ్లే తెస్తారు, అది నీకు సంబంధం లేని పని. బస్సులో కిటికీ పక్కన కూచోకు, ఎండ తగులుతుంది. లోపలి వైపు కూచున్నా గుద్దుకుంటారు. చూసి కూచో.

జానకమ్మ


బీచుపల్లి
2005 మే

వదినెకు,

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మీ అన్న కూడా వస్తానంటున్నాడు, మడి మీద చేయి పెట్టి చూడాలట. వద్దన్నా వినడు.

నువ్వు చెప్పావని పెట్టె తీశాను. కట్టుకొని ముందు ఆంజనేయస్వామికి మొక్కుకుందామని గుడికి పోయాను. కట్టుకున్నది మొదటిసారి కదా, కుచ్చిళ్లు నిలవక మెట్ల మీద తడబడ్డాను. పడలేదు, నువ్వు భయపడకు. పక్కన పూజ పళ్లెం పట్టుకున్న ఆమె మీద పడబోయి నిలదొక్కుకున్నాను. పళ్లెంలోని పసుపు నీళ్లు మొత్తం కొంగు మీద ఒలికాయి. ఉతికాను. కుంకుడుకాయతో రుద్దాను. పోలేదు.

మరక పడ్డ చీర ఆ పనికి పనికిరాదు వదినె. ఇక కట్టుకోవడానికే.

యాదమ్మ